వెండి చెట్టుకు మూడు షిఫ్టుల నీళ్లు

“ముట్టకు! నువ్వు దాన్ని ముట్టకు! నువ్వు ముట్టే గదా అది గిట్లైంది!”

సువార్తమ్మ అరుపుకు యిర్మియా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

శుక్రవారం పొద్దున ఏడు దాటింది. హాల్లో టీవీ పక్కన స్టూలు మీద వెండి చెట్టు కుండీ ఉంది. నిన్నటిదాకా కాస్త తలవంచుకుని నిలబడ్డ చెట్టు తెల్లారేసరికి పూర్తిగా సాగిలపడింది. అడుగు ఆకులు నాలుగు పసుపుపచ్చగా మారాయి. పచ్చటి అంచుల నడుమ వెండి పూత పూసినట్టు మెరిసే పై ఆకులు, పిండకుండా ఆరేసిన బట్టల్లా కుండీ మీంచి వేలాడుతున్నాయి.

“నేను ముట్టలేదే. చూస్తున్న, గంతే.”

“చూసిన సంబురం సాలు. రేపు మాపటికి బిడ్డ వస్తది. ఏం చెప్పుకుంటవో ఇప్పటిసంది నేర్చుకో.”

యిర్మియా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెప్పుకోవడానికి ఏమీ లేదని ఆయనకే తెలుసు.

బిడ్డ అంటే డెబోరా. నర్సు. కాన్పు సెలవు, దాని మీద పొడిగించుకున్న సెలవు కూడా అయిపోయి, సోమవారం ఇక్కడే గోదావరిఖనిలో కొత్త దవాఖానలో డ్యూటీకి చేరుతోంది. పగలూ రాత్రీ తేడా లేని షిఫ్టులు. మొగుడు శాంతిరాజ్ భూపాలపల్లి వైపు గనిలో పని చేస్తాడు, వారానికి ఒక్కరోజు ఇంటికొచ్చే మనిషి. మరి ఎనిమిది నెలల పాప ఎక్కడ ఉండాలి? ఇక్కడ తల్లితో పాటు అమ్మమ్మ తాతల దగ్గరా, లేక రామకృష్ణాపూర్‌లో నానమ్మ దగ్గరా? రెండిళ్ల మధ్య రెండు నెలలుగా నలుగుతున్న తగువు ఇదే.

నానమ్మ ఎవాంజెలిన్ మామూలు మనిషి కాదు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. ఆమె ఇంట్లో పాలగిన్నె పొంగదు, ఆమె వరండాలో మొక్క వాడదు, ఆమె చేతిలో పిల్ల ఏడవదు. అట్లాగని ఆమే చెబుతుంది.

రెండు నెలల కింద ఆ వరండాలోని గుంపు నుంచి ఒక పిలకను వేళ్లతో సహా విడదీసి, కుండీలో నాటి, కోడలి చేత పంపింది. పేరు అగ్లోనిమా అని కూడా చెప్పి పంపింది. ఈ ఇంట్లో ఎవరి నోరూ అంతసేపు తిరగక, అది వెండి చెట్టుగా స్థిరపడిపోయింది.

ఆ రోజు డెబోరా కుండీని తండ్రి చేతిలో పెట్టి, “బాపూ, నేను డ్యూటీల చేరేదాంక దీన్ని బతికించి చూపియ్యి. ఇది పచ్చగుంటే పాప నీ దగ్గర్నే ఉంటది. లేకుంటే అత్తమ్మ దగ్గర,” అంది.

నవ్వుతూనే అంది గానీ, ఆ మాట యిర్మియాకు ముల్లులా దిగింది. డెబోరా పుట్టినప్పుడు ఆయన సెకండ్ షిఫ్టులో ఉన్నాడు. పాకినప్పుడు నైట్ షిఫ్టులో ఉన్నాడు. ఒకసారి ముచ్చటపడి బడికి పోయి, ఐదో తరగతి గుమ్మంలో నిలబడి “మా డెబోరా ఏది?” అని అడిగితే, “ఆ పిల్ల ఏడో తరగతి గదా” అని పంతులు చెప్పాల్సి వచ్చింది. ప్రతి క్రిస్మస్‌కూ సువార్తమ్మ ఈ కథను చుట్టాలందరికీ కేకుతో పాటు పంచుతుంది.

పిల్లల చిన్నతనం ఎట్లాగూ చేజారింది. మనవరాలిదైనా కళ్లారా చూసుకోవాలని ఆయన ఆశ. రిటైరైన ఈ ఐదు నెలల్లో ఆయన కోరుకున్నది అదొక్కటే. అది ఇప్పుడు ఆ కుండీలో ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

తలుపు చప్పుడైంది. గిడియోన్ నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపే కొడుకు. తండ్రి రిటైరయ్యాక క్వార్టరు అతని పేరు మీదికి మారింది. టిఫిన్ డబ్బా గూట్లో పెట్టి, బూట్లైనా విప్పకుండా చెంబుడు నీళ్లు ముంచుకుని చెట్టు వైపు నడిచాడు.

“ఏడికిరా ఆ చెంబు?” అన్నాడు యిర్మియా.

“చెట్టుకు బాపూ. డ్యూటీ దిగి రాంగనే పోస్త గదా.”

“రోజా?”

“రోజు. ఏ షిఫ్టైనా సరే, ఒక్క దినం తప్పలే. పాప కోసం మీరు గింత తిప్పలు పడుతుంటే నేను ఈపాటి చెయ్యనా?”

యిర్మియా కుర్చీలో కూలబడ్డాడు.

“మరి నేను నాలుగ్గొట్టంగ లేసి పోస్తున్న గదరా!”

తండ్రీకొడుకులిద్దరూ ఒకేసారి సువార్తమ్మ వంక తిరిగారు. ఆమె కొంగు సర్దుకుంది.

“నన్నేంది చూస్తరు? నేనేం చెంబులు చెంబులు పోస్తలేను. మధ్యాన్నం బ్లాస్టింగు అయినంక దుమ్ము వచ్చి ఆకుల మీద కూసుంటది. తడిబట్టతోటి తుడుస్త. తుడిసినంక ఆ గిన్నెల నీళ్లు వట్టిగ పారబోసుడు ఎందుకని…”

“అండ్లనే పోస్తున్నవు.”

“నేలపాలు చెయ్యమంటవా?”

గనిలో ప్రమాదం జరిగితే ఎంక్వైరీకి నెలలు పడుతుంది. ఇది మూడు నిమిషాల్లో తేలిపోయింది. తెల్లవారుజామున తండ్రి, మధ్యాహ్నం తల్లి, డ్యూటీ దిగి కొడుకు. ఒకరికి తెలియకుండా ఒకరు, అందరూ ప్రేమతోనే. గనిలోనైతే షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి ఏ పని అయిందో, ఏది మిగిలిందో చెప్పి పోతాడు. ఇంట్లో ఆ రివాజు ఎవరూ పెట్టలేదు.

“టీచరమ్మ ఏం చెప్పి పంపింది?” సువార్తమ్మ లేచింది. “మట్టిల వేలు పెట్టి చూడుండ్రి, పొడిగుంటెనే పొయ్యిండ్రి అని చెప్పలేదా? నువ్వు వేలు పెట్టినవా?”

“పెట్టిన.”

“ఎట్లుండె?”

“తడిగుండె.”

“మరెందుకు పోసినవయ్యా?”

“పొద్దెక్కినంక ఎండిపోతదేమో అని.”

ఈ జవాబుకు ఏమనాలో సువార్తమ్మకు తోచలేదు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఇట్లాంటి సందర్భాలు తక్కువ. ఆమె గోడ దగ్గరికి పోయి పక్క క్వార్టరుకు వినబడేలా కేకేసింది.

“పూలమ్మా! ఓ పూలమ్మా! జర జల్ది రా!”

పూలమ్మ నోటికి గడియ లేదు గానీ ఆమె చేతి చలవ కాలనీ అంతటికీ తెలుసు. కట్టెపుల్ల గుచ్చినా చిగురేస్తుంది. వచ్చీ రాగానే చెట్టు వంక చూసి నాలుక చప్పరించింది. కాండం నొక్కి చూసింది. కుండీ రెండు చేతులా ఎత్తి, “ఏంది అక్కా గింత బరువు?” అని, అడుగు భాగం తడిమింది. మళ్లీ తడిమింది.

“అన్నా, గీ కుండకు బొక్క ఏది?”

యిర్మియా గొంతు సవరించుకున్నాడు.

“ఉండె. లీకైతుంటే బంద్ చేసిన.”

“దేనితోని?”

“ఎం-సీల్ పెట్టిన. మంచిగ పట్టింది. సుక్క కారది ఇప్పుడు.”

ఆ చివరి మాటలో కాస్త గర్వం కూడా తొణికిందని చెప్పక తప్పదు. ముప్పై నాలుగేళ్లు బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఆయన పంపు దగ్గర పని చేశాడు. నేల లోపల ఊరే నీళ్లను ఎప్పటికప్పుడు పైకి తోడి పోయడమే ఆయన బతుకు. పైపు ఎక్కడ కారినా మోకాటి లోతు నీళ్లలో నిలబడి, రబ్బరు చుట్టి, బోల్టు బిగించి ఆపిన చెయ్యి అది. కుండీ అడుగున తడి కనబడితే ఊరుకుంటుందా? జీవితమంతా నీళ్లను బయటికి పంపిన మనిషి, వాటికున్న ఒక్క దారినీ తన చేత్తోనే మూసేశాడు.

పూలమ్మ కుండీ కింద పెట్టి, పక్కనే తనూ కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లొత్తుకుంది.

“బాయిల సుక్క నిలువనియ్యకపోతివి అన్నా. ఇంట్లకొచ్చి చెరువు కడ్తివి!”

“నవ్వుడు తర్వాత. బతుకుతదా లేదా చెప్పు,” అన్నాడు యిర్మియా. ఆయన ముఖం చూసి పూలమ్మ నవ్వు ఆపేసింది.

వాకిట్లో పాత పేపరు పరిచి కుండీ బోర్లించింది. మురుగు వాసన గుప్పుమంది. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పైపొర ఊడి చేతికొచ్చింది. ఆమె కత్తి తెప్పించుకుని, కుళ్లింది ఎంతవరకు ఉందో చూసుకుంటూ కోసింది. చివరికి గట్టిగా మిగిలింది జానెడు కొన, దాని మీద మూడే ఆకులు.

“ఇదొక్కటి బతుకొచ్చు. నీళ్ల సీసల పెడితే కొత్త ఏర్లు పుడ్తయి. నెల పడ్తది, ఇంకెక్కువ గూడ పట్టొచ్చు. దీని పాలు దురద, చేతులు కడుక్కోండ్రి అందరు.”

“నెలా?” అన్నాడు యిర్మియా. “రేపు మాపటికి బిడ్డ, టీచరమ్మ వస్తున్నరు!”

“నన్నేం చెయ్యమంటవు? చెట్టును గుంజితే పెరుగుతదా?” ఆమె ఆ కొనను హార్లిక్స్ సీసాలో పెట్టుకుని లేచింది. “ఇది నా దగ్గరుంటది. మీ ముగ్గుర్ని నమ్మి ఈడ పెట్ట.”

ఆ రోజంతా ఇంట్లో మాట లేదు. అన్నం గిన్నెలు మాత్రం కొంచెం గట్టిగా మాట్లాడాయి.

శనివారం పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ యిర్మియా అన్నాడు.

“సదయ్య నర్సరీల గిసొంటి చెట్లు వరుసగ పెట్టి ఉన్నయి. ఒకటి తెచ్చి ఈ కుండీలనే పెడ్త. ఎవరికి తెలుస్తది?”

“దేవునికి తెలుస్తది.”

“దేవునికి ఎట్లైనా తెలుసు. టీచరమ్మకు తెలువద్దు.”

“ఏమయ్యా, రేపు ఆదివారం. గుళ్లె ప్రభు బల్ల ఉన్నది, ప్రభువు రొట్టె పంచుతరు. అబద్ధమాడిన నోటితోటి రొట్టె తీసుకోమంటవా?”

“నిన్ను ఆడుమన్ననా? నువ్వు మాట్లాడకు, గంతే.”

“నేనా? మాట్లాడకుంటనా?”

అది ఎంత కష్టమైన షరతో ఆమెకే తెలుసు. చాలాసేపు బేరమాడి ఒక ఒప్పందానికి వచ్చారు. తనంతట తాను ఆమె నోరు విప్పదు. ముఖం మీద అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. అందుకని ఎవరూ అడగకుండా వంటింట్లోనే ఉంటుంది.

“పాప కోసం ఒప్పుకుంటున్న,” అంది సువార్తమ్మ, లేచి వెళ్తూ. “నీ కోసం కాదు.”

సదయ్య నర్సరీలో నీడవల కింద వెండి చెట్లు బడిపిల్లల్లా వరుసగా నిలబడి ఉన్నాయి. యిర్మియా వాటి మధ్య అటూ ఇటూ తిరిగి, ఎత్తు జానలతో కొలిచి, ఆకులు లెక్కపెట్టి, ఒకదాన్ని ఎంచుకున్నాడు.

“ఇది మొండిది కాకా,” అన్నాడు సదయ్య. “ఎండ లేకున్నా బతుకుతది. మూల పెట్టినా బతుకుతది. చలికి, నీళ్లకే ఓర్వది. నా దగ్గర కొనేటోళ్లల్ల సగం మంది నీళ్లు పోసే సంపుతరు.”

“సగం మందా?” యిర్మియాకు ప్రాణం లేచొచ్చింది. “గంతమంది ఉన్నరా?”

షేర్ ఆటోలో కుండీని ఒళ్లో పెట్టుకుని, గాలి తగలకుండా తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. చంటిపిల్ల అనుకుని ఒకావిడ జరిగి చోటిచ్చింది. ఆయన కాదనలేదు.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. ఆయన పెట్టిన ఎం-సీల్ ఆయన మాటే వినలేదు. స్క్రూడ్రైవరు, సుత్తి, కొన్ని తిట్లు అయ్యాక గానీ బొక్క తెరుచుకోలేదు. కొత్త చెట్టు వేళ్లగుంపు ఆ కుండీకి కొంచెం పెద్దదైంది. అదిమి కూర్చోబెడుతుంటే రెండు కాడలు పుటుక్కున విరిగాయి. పాలు చేతులకు అంటుకున్నాయి. చెమట పట్టిందని ఆ చేతులతోనే మెడ తుడుచుకున్నాడు. మట్టి పోసి, స్టూలు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేసరికి బయట ఆటో హారన్ మోగింది.

నాలుగే అయింది. మాపటికి వస్తామన్నవాళ్లు ఎండ ఉండగానే దిగారు.

“అవ్వో, వచ్చిన్రు!” అంటూ సువార్తమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. యిర్మియా కింద పడ్డ మట్టిని కాలితో మంచం కిందికి తోసి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

పాపను చంకనేసుకుని డెబోరా, వెనకాల గొడుగుతో ఎవాంజెలిన్ టీచరు లోపలికొచ్చారు. డెబోరా చెప్పులు విప్పుతూనే మూలకు చూసింది.

“బాపూ! ఎంత మంచిగున్నది!”

దగ్గరికి పోయి ఆకు మీద వేలు రాసింది. తర్వాత అత్తగారికి వినబడకుండా తండ్రి పక్కకు జరిగి, చిన్న గొంతుతో చెప్పింది.

“పది రోజుల్లనే సంపుతవనుకున్న బాపూ. నిజంగ. అత్తమ్మ దగ్గర పాపకు ఏ లోటు ఉండది, నాకు తెల్సు. కని డ్యూటీ దిగి రాంగనే పాప మొఖం చూడాలని నాకున్నది. నువ్వే గెలువాలని రోజు ప్రార్థన చేసిన.”

తిట్టినా బాగుండేది. ఇంత ప్రేమగా మెచ్చుకుంటే ఆయనకు ఆ మూల వంక చూడ్డానికే సిగ్గేసింది. దానికి తోడు మెడ మీద దురద మొదలైంది.

ఎవాంజెలిన్ టీచరు కళ్లజోడు పెట్టుకుంది. చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మట్టిలో వేలు పెట్టింది. తర్వాత నేల వంక చూసింది, మంచం కింద చూసింది, ఆఖరికి యిర్మియా వంక చూసింది.

“ఎన్నొద్దులకొకసారి నీళ్లు పోసిన్రు అన్నయ్యా?”

“వేలు పెట్టి చూసి, పొడిగుంటెనే టీచరమ్మా.”

“ఎండకు పెట్టలేదు గదా?”

“లేదు లేదు. మూల పెట్టినా బతుకుతది. చలికి, నీళ్లకే ఓర్వది.”

“మంచిగ నేర్సుకున్నరు.” ఆమె తలూపింది. “మరి ఆ మెడ ఎందుకు గోక్కుంటున్నరు?”

“దోమలు.”

“పట్టపగలు?”

“ఈ కాలనీల పగటిపూట గూడ…”

వంటింట్లో ఏదో స్టీలు గిన్నె పెద్ద చప్పుడుతో కింద పడింది. అంతటి అబద్ధాన్ని సువార్తమ్మ గోడ అవతలి నుంచి కూడా భరించలేకపోయింది.

“ఇగ చెట్టు ముచ్చట సాలు,” అంది డెబోరా. “మాట ప్రకారం బాపు గెలిచిండు. పట్టుకో బాపూ నీ మనవరాలిని.”

పాప రెండు చేతులూ చాపి తాత వైపు ఒరిగింది. యిర్మియా కూడా చేతులు చాపాడు. చాపినవాడు ఆగిపోయాడు. వేళ్ల సందులు ఎర్రగా పొంగి ఉన్నాయి. గోళ్లలో ఇంకా జిగురుంది. దురద నిప్పులా మండుతోంది.

ఆయన చేతులు వెనక్కి లాక్కుని వీపు వెనక దాచుకున్నాడు.

పాప కింది పెదవి వణికింది. డెబోరా ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“ఏంది బాపూ? ఎత్తుకోవా?”

“ఇప్పుడొద్దు బిడ్డా.”

“ఎందుకొద్దు?”

ఆ గొంతులో ఏముందో ఆయనకు తెలుసు. ఏడో తరగతి పిల్ల ఉంది. మా బాపుకు మా కోసం తీరదు అనుకుంటూ పెరిగిన పిల్ల. చెట్టు చచ్చినందుకు ఒక మాట పడితే పోయేది. ఈ చూపు మాత్రం ఆయన తట్టుకోలేకపోయాడు.

“చేతులు చూపియ్యిండ్రి అన్నయ్యా,” అంది ఎవాంజెలిన్ టీచరు మెల్లగా.

బడిపిల్లాడిలా రెండు చేతులూ ముందుకు చాపాడు యిర్మియా.

“చెట్టు పాలు అంటినయి టీచరమ్మా. పాపది లేత ఒళ్లు, తగిలితే దద్దులు లేస్తయని…” ఆయన కూతురి వైపు తిరిగాడు. “మీరు వచ్చేముంగటనే నాటిన బిడ్డా. గది నీ చెట్టు కాదు. నీ చెట్టు సచ్చిపోయింది. నేనే సంపిన.”

ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. నాలుగ్గంటల చెంబు, కుండీ బొక్క, సదయ్య నర్సరీ, అన్నీ బయటపడ్డాయి. ఆయన సగంలో ఉండగానే సువార్తమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి పక్కన నిలబడింది.

“ఆయనొక్కడే కాదు. నేను గూడ గిన్నెలు గిన్నెలు పోసిన.”

నిద్రలేచి పళ్లు తోముకుంటున్న గిడియోన్ నోట్లో బ్రష్షుతోనే వచ్చి వరుసలో చేరాడు.

“నేను గూడ అక్కా.”

డెబోరా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

“ఎం-సీల్ పెట్టినవా బాపూ?”

“పెట్టిన.”

“కుండ బొక్కకు?”

“కారుతుంటే…”

ఆమె పాపను అత్తగారి చేతికిచ్చి గోడ వైపు తిరిగింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. “ఏడువకు బిడ్డా,” అని సువార్తమ్మ పరుగున పోయి ముఖం తిప్పి చూస్తే, డెబోరా కళ్లలో నీళ్లు ఉన్న మాట నిజమే. నవ్వు ఆపుకోలేక వచ్చిన నీళ్లవి.

“నేను నర్సును బాపూ,” అంది ఊపిరి తీసుకుని. “ఒక్క పేషెంట్‌ను మూడు షిఫ్టులల్ల ఎందరు చూడాలో నాకెరుకే. చెట్టుకు మీరు ముగ్గురు ఎక్కువైన్రు. పాపకు ముగ్గురున్నా సాలరు. పాప ఈడనే ఉంటది. ఫో, సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కొని రా.”

యిర్మియా మూడుసార్లు కడిగాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటే డెబోరా పాపను ఆయన ఒళ్లో పెట్టింది. ఎనిమిది నెలల పిల్ల ఇంత బరువుంటుందని ఆయనకు ఈ రోజే తెలిసింది. కళ్లు నిండిపోయాయి. ఎవరు చూసినా ఆయన దాచుకోలేదు.

ఎవాంజెలిన్ టీచరు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. ఎంతకీ ముగియకుండా తుడుస్తోంది. గెలిచినవాళ్ల మంచితనంతో సువార్తమ్మ ఒక అడుగు ముందుకేసింది.

“ఫికర్ చెయ్యకు వదినె. వారం వారం వచ్చి చూసిపోదువు గని.”

“వారం వారమా?” ఆమె కళ్లజోడు పెట్టుకుంది. “రోజుకు మూడు పూటల చెట్టుకు నీళ్లు పోసిన మనుషులు మీరు. పాపకు పాలు గూడ గట్లనే పడితే? ఎవరు ఎప్పుడు పట్టిన్రో రాసి పెట్టెటోళ్లు ఒకరుండాలె గదా. మూడు షిఫ్టులు మీరు చెయ్యిండ్రి వదినె. జనరల్ షిఫ్టు నేను చేస్త.”

జనరల్ షిఫ్టంటే ఏమిటో బొగ్గు కాలనీలో పుట్టిన పిల్లిని అడిగినా చెబుతుంది. ఆఫీసర్లు పొద్దున వచ్చి, సాయంత్రం దాకా అందరి మీదా అజమాయిషీ చేసే షిఫ్టు.

సామాను దించడానికి పోయిన గిడియోన్ గుమ్మంలోంచి అరిచాడు.

“అమ్మా, పాప సామాను శాన ఉన్నది! రెండు సూట్‌కేసులు, ఒక పరుపు, ఆరు పూలకుండీలు!”

“పెద్ద సూట్‌కేసు పాపది కాదు నాయనా, నాది,” అంది ఎవాంజెలిన్ టీచరు. “పైలంగ దించు. అండ్ల నా బీపీ గోలీలున్నయి.”

డెబోరా నోరు తెరిచి అత్తగారిని చూసింది. ఈ సంగతి ఆమెకూ కొత్తే. పాప లేని ఇంట్లో ఒక్కతే ఉండలేక, చెట్టు బతికినా చచ్చినా తాను ఉండిపోవాలనే ఆ ముసలామె సర్దుకుని వచ్చిందని యిర్మియాకు అర్థమైంది. ఆయనకు జాలేసింది. రెండు గదుల క్వార్టరు గుర్తొచ్చి ఆ వెంటనే భయమేసింది.

“ఎన్నొద్దులుంటరు వదినె?” సువార్తమ్మ గొంతు పీలగా వచ్చింది.

“ఎన్నొద్దులేంది? పాప బడికి పోయేదాంక.”

సువార్తమ్మ గిర్రున తిరిగి వంటింట్లోకి నడిచింది.

“ఏమయ్యా, జర ఇటు రా!”

ఆ పిలుపులో ఏముందో ముప్పై ఆరేళ్లుగా ఎరిగిన మనిషి యిర్మియా. ఆయన పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు.

“పాప ఒళ్లె ఉన్నది సువార్తా. ఇప్పుడు లేవరాదు.”

ఎవాంజెలిన్ టీచరు అప్పటికే పనిలోకి దిగింది. స్టూలును రెండు చేతులా పట్టుకుని, “టీవీ పక్కన పెడ్తరా ఎవరన్న? ఇది గా తలుపు పక్కకుండాలె,” అంటూ కుండీతో సహా జరపబోయింది.

స్టూలు కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడుకు సువార్తమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. గరిటె గిడియోన్ చేతికిచ్చి, కొంగు నడుముకు దోపి, వచ్చి స్టూలుకు రెండో వైపు పట్టుకుని టీవీ దిక్కే గుంజింది.